సార్క్ వీసా స్టిక్కర్ విద్యార్థులకూ ఇప్పించండి

గౌరవనీయులైన సార్క్ ప్రధాన కార్యదర్శి గారికి,

1985లో ఢాకాలో పుట్టిన దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌లో, 2014 ఖాట్మండు సదస్సు తర్వాత దేశాధినేతలు మళ్లీ కలిసి కూర్చోలేదు. అది మీ చేతుల్లో లేదు కాబట్టి దాని గురించి అడగను.

ఏప్రిల్ మధ్యలో నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, మన పంజాబ్, తమిళనాడు ఇంచుమించు ఒకేసారి కొత్త సంవత్సరం చేసుకుంటాయి. (మా ఉగాదికి తొందరెక్కువ, ముందే వచ్చేస్తుంది.) ఇంత దగ్గరివాళ్లం, ఒకరి ఊరు ఒకరం చూడాలంటే మాత్రం టెన్షనే. సార్క్ దేశాల మధ్య వీసా లేకుండా తిరగనిచ్చేందుకు 1992లో తెచ్చిన వీసా మినహాయింపు స్టిక్కర్ న్యాయమూర్తులు, ఎంపీలు, పెద్ద అధికారులు, వ్యాపారులు, జర్నలిస్టులు, క్రీడాకారుల వంటి 24 వర్గాలకే. పెద్దవాళ్లు పెద్దవాళ్లనే కలుస్తుంటే 'మనం దక్షిణాసియావాళ్లం' అనే భావన జనంలోకి ఎలా వస్తుంది?

2010లో ఢిల్లీలో మొదలైన దక్షిణాసియా విశ్వవిద్యాలయం నాకు నచ్చిన పని. వేర్వేరు దేశాల పిల్లలు ఒకే మెస్‌లో పప్పు బాగోలేదని తిట్టుకుంటే చాలు, సగం స్నేహం కుదిరినట్టే.

విద్యార్థులకూ, చేతివృత్తులవాళ్లకూ ఆ స్టిక్కర్ ఇవ్వాలనే ప్రతిపాదనను సభ్యదేశాల విదేశాంగ కార్యదర్శులుండే స్టాండింగ్ కమిటీ ముందు పెట్టించండి. ఎనిమిది దేశాలూ ఒప్పుకోకపోతే, కొన్ని దేశాలే కలిసి పథకాలు నడుపుకోవడానికి సార్క్ చార్టర్ (నియమావళి) ఏడో అధికరణలో యాక్షన్ కమిటీలున్నాయి. ఒప్పుకున్నవాళ్లతోనే మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు