పాత రోడ్డు సైకిలుకు కొత్త చక్రాలు: కొలత చూసి అమ్మండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

అటకల మీద, మెట్ల కింద ఏళ్ల తరబడి పడి ఉన్న రోడ్డు సైకిళ్లను బయటికి తీసి, తుప్పు పట్టిన చక్రాల స్థానంలో కొత్తవి వేయించుకుని తొక్కుతున్నవారు పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డు మీద కనిపిస్తున్నారు. ముప్పై ఏళ్లకు పైగా వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విరమించిన నాకు ఆ దృశ్యం ఎంతో సంతోషం కలిగిస్తుంది. అయితే ఆ చక్రాలను అమ్మే తీరులోనూ బిగించే తీరులోనూ ప్రాణాల మీదికి తెచ్చే అలసత్వం ఒకటి ఉంది. దానివల్ల మా ఇంట్లోనే ఒకరు ఆసుపత్రి పాలయ్యారు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అన్నయ్య వాణిజ్య నౌకల్లో పనిచేసే రోజుల్లో, 1984లో, ఇంగ్లండులో కొని తెచ్చుకున్న సైకిలు అది. కిందికి వంగిన హ్యాండిలు, ఉక్కు ఫ్రేము, వెనక ఆరు గేర్లు, 27 అంగుళాల చక్రాలు. సముద్రపు గాలికి క్రోమియం పూత పెచ్చులూడి రిమ్ములు పాడైపోవడంతో, పోయినేడు మా తమ్ముడి కొడుకు ఊళ్లోని ఒక దుకాణంలో వాటికి బదులు అల్యూమినియం చక్రాలు వేయించాడు. మూడో వారంలో సింహాచలం కొండ ఘాట్ రోడ్డు దిగుతుండగా ముందు టైరు పేలింది. అబ్బాయి పడిపోయాడు, కాలర్ బోను విరిగింది.

సైకిలు ఇంటికి చేరాక చక్రం విప్పి వెలుతురులో పెట్టి చూశాను. రిమ్ము అంచుకు కాస్త పైన, టైరు పక్కభాగం మీద చుట్టూతా గీత గీసినట్టు రబ్బరు అరిగిపోయి, లోపలి నూలు పోగులు బయటపడి ఉన్నాయి. పేలిన చోట ఆ పోగులు తెగి కుచ్చులా వేలాడుతున్నాయి. బ్రేకు పట్టిన ప్రతిసారీ బ్రేకు రబ్బరు పై అంచు రిమ్ముతో పాటు టైరునూ రాస్తూ వచ్చిందన్నమాట. కారణం చాలా చిన్నది. 27 అంగుళాల రిమ్ములో టైరు కూర్చునే చోటి వ్యాసం 630 మిల్లీమీటర్లు. దానికి బదులు దుకాణంలో వేసిన, ఈనాటి రోడ్డు సైకిళ్లకు వచ్చే 700సి రకం రిమ్ములో అది 622. వ్యాసంలో తేడా 8 మిల్లీమీటర్లు కనుక రిమ్ము అంచు ఇరుసు వైపుకు 4 మిల్లీమీటర్లు జరుగుతుంది, బ్రేకు రబ్బర్లు మాత్రం పాత చోటనే ఉండిపోతాయి. మా సైకిలు బ్రేకు చేతుల గాడిలో రబ్బర్లను ఇంకో 5 మిల్లీమీటర్లు కిందికి దించడానికి చోటు ఉంది. పది నంబరు పానాతో ఐదు నిమిషాల్లో అయిపోయే పని అది. ఆ ఐదు నిమిషాలు ఎవరూ పెట్టలేదు.

చిక్కంతా అంగుళాల పేర్లలో ఉంది. మన పల్లెల్లో పాలక్యాన్లు మోసిన పెద్ద సైకిలు చక్రం 28 బై ఒకటిన్నర. దాని అసలు వ్యాసం 635. అదే 28 అంగుళాల పేరుతో వచ్చే మరో రకం 622. అలాగే 26 అంటే గేర్ల మౌంటెన్ సైకిలుకు 559, పాత లేడీస్ సైకిలుకు 590. అందుకే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5775 ప్రకారం టైరు వెడల్పును, రిమ్ము వ్యాసాన్ని మిల్లీమీటర్లలో, 32-630 లేదా 28-622 అనే తీరులో టైరు మీద ముద్రిస్తారు. కొనేవారు చదవవలసిన అంకె అదే. పాత టైరు మీద అది చెరిగిపోతే, తెలిసినవారి 622 చక్రం ఒకటి అడిగి తెచ్చి ఫ్రేములో పెట్టి, బ్రేకు రబ్బర్లు రిమ్ముకు సరిగ్గా అందుతాయో లేదో ముందే చూసుకోవచ్చు. అందకపోతే కాస్త పొడుగు చేతుల బ్రేకులు కొనుక్కోవాలి. ఊచల బ్రేకులున్న పెద్ద సైకిళ్ల సంగతి వేరు. అక్కడ రబ్బరు రిమ్ము లోపలి వైపు నుంచి ఆనుతుంది కనుక ఈ కొత్త రిమ్ములు వాటికి పనికిరావు.

వెనక చక్రం దగ్గర మరో తప్పు బయటపడింది. 1980ల నాటి ఆరు గేర్ల ఫ్రేముల్లో చాలావాటికి వెనక ఇరుసు పట్టే చోటు 126 మిల్లీమీటర్లు. అంతకుముందు ఐదు గేర్ల వాటికి 120 ఉండేది. ఎనిమిది గేర్ల నుంచి రోడ్డు సైకిళ్లకు 130 వచ్చింది. మా సైకిలుకు దుకాణంవారు బిగించినది హైబ్రిడ్ సైకిళ్లకు వచ్చే 135 హబ్ (చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే భాగం). తొమ్మిది మిల్లీమీటర్లు ఎడంగా లాగి, బలవంతాన దూర్చి నట్లు బిగించేశారు. ఇరుసు పట్టే రెండు పలకలూ ఒకదానికొకటి సమాంతరంగా లేకుండా బయటికి తిరిగాయి. అలా ఉన్నప్పుడు ఇరుసు వంగుతుంది, గేర్లు సరిగా పడవు.

ఉక్కు ఫ్రేమును 126 నుంచి 130కి తేవడం తప్పేమీ కాదు. పక్కకు రెండేసి మిల్లీమీటర్లే కనుక నిదానంగా, కొలత చూసుకుంటూ వంచవచ్చు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములను మాత్రం అస్సలు వంచకూడదు, చీలిపోతాయి. వంచాక రెండు పక్కలూ సమంగా వచ్చాయో లేదో చూడటానికి దారం ఒక్కటి చాలు. వెనక ఒక పలకకు దారం కట్టి, ముందు హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి తెచ్చి, రెండో పలకకు బిగుతుగా కట్టి, సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం రెండు వైపులా కొలవాలి. రెండూ సమానంగా ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టే. మా సైకిలును ఈ పద్ధతిలోనే సరిచేసి 130 హబ్ చక్రం వేశాను. అది ఇప్పుడు నిక్షేపంగా నడుస్తోంది.

కొత్త చక్రాలే వద్దని నేను అనడం లేదు, వేయించుకోవలసిందేనని నా అభిప్రాయం. వానలో తడిసిన క్రోమియం రిమ్ము మీద బ్రేకు జారినట్టు అల్యూమినియం మీద జారదు. పాత హబ్‌లో ఫ్రీవీలు, అంటే వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి, మరతో బిగుస్తుంది, కుడి బేరింగు దాని లోపలి వైపునే ఉండిపోతుంది. ఆసరా లేని ఆ చివరన ఇరుసు గతుకుల రోడ్ల మీద వంగడమో విరగడమో జరిగేది. కొత్త చక్రాలకు వచ్చే క్యాసెట్ హబ్‌లో ఆ బేరింగును బయటి అంచుకు జరిపారు. గేర్ల మీట ఫ్రేము గొట్టం మీద, టకటకమని ఆగకుండా వేలితో జరుపుకునే పాత రకమైతే, వెనక ఎనిమిది గేర్లున్నా ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది.

ఇంకొక్క హెచ్చరిక. ఖరీదైన కొత్త రిమ్ములు కొన్నింటికి టైరును పట్టి ఉంచే కొక్కెం అంచు ఉండదు. వాటిలో గాలి 72 పీఎస్‌ఐ దాటకూడదు, వాటికి తగినవని రాసి ఉన్న టైర్లే వేయాలి. పాత అలవాటు చొప్పున 100 కొట్టిస్తే టైరు ఊడి వచ్చే ప్రమాదం ఉంది. డిస్కు బ్రేకుల కోసం చేసిన చక్రాలకైతే బ్రేకు రబ్బరు ఆనే చోటే ఉండదు.

కనుక సైకిలు దుకాణాల వారికి నా విన్నపం ఇది. చక్రం అమ్మేటప్పుడు రిమ్ము వ్యాసం, లోపలి వెడల్పు, హబ్ వెడల్పు మిల్లీమీటర్లలో బిల్లు మీద రాసివ్వండి. ఆన్‌లైన్‌లో అమ్మేవారు కూడా ఉత్త అంగుళాలు రాసి వదిలేయకుండా ఈ మూడు అంకెలూ చూపాలి. చక్రం బిగించాక కొనుగోలుదారు ఎదుటే బ్రేకు పట్టి, రబ్బరు పై అంచుకూ టైరుకూ మధ్య ఖాళీ చూపించి, ఆ తర్వాతే సైకిలును చేతికివ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిట్టరు,
గాజువాక, విశాఖపట్నం