విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ: మా నాన్నకు నీతి లేదా?

మంత్రిగారికి నమస్కారం.

దైవభయం లేనివాడికి నీతి ఉండదని మొన్న సభలో అన్నారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మా నాన్న నాస్తికుడు. పక్కింటి పిల్లాడికి ఒళ్లు కాలిపోతుంటే, వాళ్లమ్మ నైట్ డ్యూటీలో ఉందని, తెల్లవార్లూ వాడి పక్కనే కూర్చున్నాడు. గుడ్డ తడపడం, పిండడం, నుదుటి మీద వేయడం, మళ్లీ తడపడం. పొద్దున చూస్తే ఆయన వేళ్లు నానిపోయి ముడతలు పడి ఉన్నాయి. పుణ్యం కోసం కాదు, పిల్లాడి మూలుగు వినలేక చేశాడు.

1680లో కనిపించిన తోకచుక్క గురించి రాస్తూ ఫ్రెంచ్ తత్వవేత్త పియెర్ బేల్, నాస్తికుల సమాజం కూడా నీతిగా బతకగలదని వాదించాడు. మనిషిని నడిపేది నమ్మకాల కన్నా స్వభావం, అలవాట్లేనని ఆయన అభిప్రాయం. అంతకు ఎంతో ముందే గ్రీకు తత్వవేత్త ప్లేటో అసలు ప్రశ్న వేశాడు. మంచిది కాబట్టి దేవుళ్లు ఇష్టపడతారా, వాళ్లు ఇష్టపడ్డారు కాబట్టి మంచిదా? రెండోదే నిజమైతే, రేపు వాళ్లు క్రూరత్వాన్ని ఇష్టపడితే అదీ మంచే కావాలి. ఏ భక్తుడు ఒప్పుకుంటాడండీ? అంటే మంచిచెడ్డలు తూచే తక్కెడ ఆ భక్తుడి దగ్గరా ముందే ఉంది.

మతం ఎందరినో దయవైపు నడిపింది, కాదనను. మా అమ్మ రోజూ ప్రార్థన చేసేది. ఆమె మంచితనమూ నిజమే.

నా టెన్షన్ అంతా పిల్లల గురించే. మీ మాట విన్న టీచర్లు, మతం లేదని చెప్పే పిల్లాణ్ణి ఏ కళ్లతో చూస్తారు? దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
ఒక నాస్తికుడి కూతురు