ఎదుటివారి మనసు గ్రహించే శక్తి పుట్టుకతోనే వచ్చేదైతే బధిర పిల్లలు ఎందుకు వెనకబడుతున్నారు?

సంపాదకులకు,

ఎదుటివారి మనసు గ్రహించే శక్తి మనిషికి పుట్టుకతోనే వస్తుందని మొన్నామధ్య మీ సైన్సు పేజీలో తేల్చేశారు. ఆధారం 2005 నాటి ప్రయోగం ఒక్కటే. వస్తువు ఎక్కడుందో పొరపడిన మనిషి, తను అనుకున్న చోట కాకుండా వేరే చోట వెతికితే పదిహేను నెలల పసివాళ్లు ఆశ్చర్యపోయినట్టు ఎక్కువసేపు చూశారన్నది నిజమే. కానీ పసిపిల్లలతో ఆ తరహా ప్రయోగాలు మళ్లీ చేసినప్పుడు చాలాసార్లు అదే ఫలితం రాలేదు. ఆ ముక్క ఎందుకు వదిలేశారు?

1983లో విమ్మర్, పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పరీక్ష ప్రస్తావనే లేదు. ఓ పిల్లాడు చాక్లెట్ దాచి బయటికెళ్తాడు, ఈలోగా తల్లి దాన్ని వేరే అల్మారాలోకి మారుస్తుంది. తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడని అడిగితే మూడేళ్లవాళ్లు ఎక్కువమంది కొత్త చోటే చెబుతారు. వాడు తను దాచిన పాత చోటే వెతుకుతాడన్న సరైన జవాబు నాలుగైదేళ్లకు గానీ రాదు.

నేను చాలాకాలం బధిర పిల్లలకు చదువు చెప్పాను, నా బాధంతా వాళ్ల గురించే. సైగల భాష వచ్చిన బధిర తల్లిదండ్రుల పిల్లలు ఈ పరీక్షలో వినగలిగే పిల్లలతో సమానంగా ఉంటారు. వినగలిగే తల్లిదండ్రులకు పుట్టి, సైగలు ఆలస్యంగా నేర్చుకున్నవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి వెనకబడతారు. ఇద్దరికీ చెవుడే, తేడా ఇంట్లో మాట్లాడే భాష దగ్గరే. మధ్య అమెరికా దేశమైన నికరాగువాలో కొత్తగా పుట్టిన సైగల భాష తొలి తరంవాళ్లకు అనుకోవడం, తెలియడం లాంటివాటికి సైగలు సరిగా లేవు. పెద్దవాళ్లయినా ఇలాంటి పరీక్షల్లో తప్పారు. ఆ సైగలు అలవాటయ్యాక మెరుగుపడ్డారని 2009లో ప్రచురించారు. 1,116 కవల జంటలపై 2005లో వచ్చిన అధ్యయనంలోనూ ఐదేళ్ల పిల్లల మధ్య ఈ శక్తిలో కనిపించే తేడాలకు ప్రధాన కారణం జన్యువులు కాదు, పెరిగిన వాతావరణమే.

పునాది పుట్టుకతో రాదని నేననడం లేదు. నెలల పిల్లలు కూడా మన చూపు వెంట చూస్తారు. అయితే 'పుట్టుకతోనే వస్తుంది' అని పత్రిక రాస్తే అధికారులకు అంతకన్నా ఏం కావాలి? చెవి మిషను ఇచ్చేసి ఫైలు మూసేస్తారు. సైగలు నేర్పితే మాటలు రావని తల్లులను భయపెట్టే సలహాదారులను నేను కళ్లారా చూశాను. ఎన్ని అర్జీలు పెట్టినా తల్లిదండ్రులకు సైగల క్లాసులు పెట్టించలేకపోయాం, బడ్జెట్ లేదన్న జవాబు విని విని విసుగొచ్చింది. అక్కడ పోతున్నది పిల్లల ఎదిగే వయసు, అది మళ్లీ రాదు.

ఈ రెండో వైపు పరిశోధన కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. వినికిడి లోపం బయటపడిన రోజు నుంచే ఆ ఇంటివాళ్లకు సైగలు ఎందుకు నేర్పడం లేదో సంబంధిత శాఖను మీ విలేకరులతో అడిగించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు