నిజాం కారు పక్కన జనం కథ కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 2019 నవంబరులో మొదలైన కార్ల ప్రదర్శనను, ఆ శీతాకాలంలో మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు చూశాను. 1888 నాటి మూడు చక్రాల బెంజ్ బండి కంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది గ్రాహం అనే బొమ్మ. రోడ్డు ప్రమాదాన్ని తట్టుకోవాలంటే మనిషి శరీరం ఎలా ఉండాలో చూపడానికి ఆస్ట్రేలియా శిల్పి పట్రీషియా పిచ్చినీని 2016లో దాన్ని రూపొందించారు. మెడ లేదు, ముఖం చదునుగా ఉంది, పక్కటెముకల మధ్య గాలి సంచుల్లాంటి తిత్తులున్నాయి. హెల్మెట్ లేకుండా బడికి వెళ్లే మన పిల్లలే నాకు గుర్తొచ్చారు.

1913లో ఫోర్డ్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైను (బండి ముందుకు కదులుతుంటే కూలీలు తమ చోటే నిలబడి భాగాలు బిగించే వరుస) వచ్చాక, పన్నెండున్నర గంటల ఛాసిస్ (కారు అడుగు చట్రం) పని గంటన్నరకు తగ్గి, కూలివాడి రోజు తీరే మారిపోయింది. కారు కథ అంటే ఇదంతా.

మన చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారు ఉంది. దాన్ని తోలినవారు, తుడిచినవారు, దారి ఇచ్చి పక్కకు తప్పుకున్న జట్కావాళ్ల గురించి కూడా దాని పక్కన నాలుగు మాటలు తెలుగులో, ఉర్దూలో రాయించాలని నిర్వాహకులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హైదరాబాద్