సలహాలు అడిగారు సరే, వాటిని ఎందుకు దాచారు?

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి,

నమస్కారం.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నియమాల ముసాయిదాను 2025 జనవరి 3న విడుదల చేసి అభిప్రాయాలు అడిగారు. గడువు కూడా పెంచారు. నవంబరులో తుది నియమాలు వచ్చినప్పుడు 6,915 సూచనలు అందాయని ప్రకటించారు. సంతోషం. కానీ ఆ సూచనలు ఎవరికీ చూపించబోమని ముందే షరతు పెట్టారు. సారాంశం వేస్తామన్నారు, అదీ పేర్లు లేకుండా! ఒక నియమాన్ని సడలించమన్నది డేటాతో వ్యాపారం చేసే కంపెనీయా, ఊళ్లో బడిపంతులా అన్నది తెలియకపోతే ఆ మాటను ఎలా తూచాలి?

పేరు బయటపడితే జనం స్వేచ్ఛగా రాయరని మీ వాదన. మామూలు మనుషుల విషయంలో ఒప్పుకుంటాను. 2015లో నెట్ న్యూట్రాలిటీపై వచ్చిన (ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ సమానంగా చూడాలన్న విషయం) లక్షల మెయిళ్లను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, పంపినవాళ్ల మెయిల్ అడ్రసులతో సహా సైట్లో పెట్టేసి నానా మాటలూ పడింది. కంపెనీలకు మాత్రం ఆ మొహమాటం దేనికి? టెలికాం సంస్థల సమాధానాలను ట్రాయ్ పేర్లతోనే ప్రచురిస్తుంది, వాటిపై ప్రతివాదనలూ అడుగుతుంది. కొంపలేం మునగలేదు.

అసలు బాధ ఈ నియమాలకు మూలమైన 2023 డేటా రక్షణ చట్టంలోని 44(3) సెక్షన్‌తో. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని అది మార్చేసింది. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వొచ్చన్న మాట ఇదివరకు ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు లేదు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చనే 8(2) సెక్షన్ అదే చట్టంలో ఉంది కదా అంటారు. మండలాఫీసులో దరఖాస్తు తీసుకునేవాళ్లు ఎంతమంది అంతదూరం చదువుతారు? ఉపాధి హామీ పథకం 2006లో మొదలైంది మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఊరి జనం ముందే పనుల లెక్కలు సరిచూసే సోషల్ ఆడిట్‌లో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) తీసి గ్రామసభలో పేరుపేరునా చదువుతారు. "ఆయన పోయి రెండేళ్లయింది కదా, ఈ కూలి ఎవరు తీసుకున్నారు?" అని వెనకనుంచి ఎవరో అడుగుతారు. దొంగ మస్టర్లు బయటపడేది అలాగే. పేరు, పనిచేసిన రోజులు, ముట్టిన డబ్బు: మీ నిర్వచనం ప్రకారం ఇవన్నీ వ్యక్తిగత డేటాయే. ఆడిట్ చేసేవాళ్లను పిలిచి అడిగారా? అడిగితే ఏం చెప్పారు? ఈ చట్టం కోసం తెచ్చిన 2022 ముసాయిదా బిల్లుపై వచ్చిన అభిప్రాయాలనూ బయటపెట్టలేదు గనక మాకు తెలిసే దారి లేదు.

అభిప్రాయాల సారాంశాన్ని శాఖ వెబ్‌సైట్‌లో ఉంచాలని 2014 నాటి ప్రీ-లెజిస్లేటివ్ కన్సల్టేషన్ (చట్టం చేసేముందు జనాన్ని సంప్రదించే) విధానమే చెబుతోంది. ఇంకో అడుగు ముందుకెయ్యండి. సంస్థలు రాసినవి పేర్లతో పెట్టండి, వ్యక్తులవి పేర్లు తీసేసి పెట్టండి. ముఖ్యమైన సూచనను పక్కనపెడితే ఎందుకో రెండు ముక్కలు రాయండి. అన్నట్టు, కంపెనీల నోటీసులు తెలుగు సహా 22 భాషల్లో చదువుకునే వీలుండాలని మీ చట్టమే అంటోంది. వచ్చే ముసాయిదాను మీరూ తెలుగులో ఇవ్వండి.

ఇట్లు,
సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెట్టే ఒక అనంతపురం వాసి