మన వినాయకుడి పందిరి: ఆదివారం అందరూ రావాలి

కాలనీ సభ్యులందరికీ నమస్కారం 🙏

ఈసారి చవితి సెప్టెంబర్ 14, సోమవారం. పందిరి పని ఇంకా మొదలవలేదు. పోలీసులకిచ్చే దరఖాస్తులో నిర్వాహకుడిగా సంతకం చేయడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. ఏదైనా జరిగితే కేసు తమ మీదకొస్తుందని టెన్షన్.

ఆ భయం న్యాయమైనదే. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి 5 మంది పోయారు. తర్వాత ఒకట్రెండు రోజులకే బండ్లగూడలో విగ్రహం తెస్తూ మరో ఇద్దరు. ఇది తలుచుకుంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. కానీ పిల్లలు ఏడాదంతా ఎదురుచూసే పండగను అలా వదిలేయడానికి నాకు మనసొప్పడం లేదు.

నా ప్రతిపాదన:
👉 ఒక్కరి పేరు కాకుండా, ఐదుగురి కమిటీ బాధ్యత తీసుకోవాలి.
👉 స్తంభం నుంచి వైరు లాగడం వద్దు. డబ్బు కట్టి తాత్కాలిక కనెక్షన్, తెలిసిన ఎలక్ట్రీషియన్.
👉 విగ్రహం 5 అడుగులు దాటొద్దు. మన సందులో తీగలు బాగా కిందికి ఉన్నాయి.
👉 మూడో వ్యక్తికి, అంటే పందిరి దగ్గరికొచ్చే బయటివారికి, నష్టం జరిగితే వర్తించే బీమా. ముంబైలో పెద్ద గణేశ్ మండపం పెట్టే జీఎస్‌బీ సేవా మండలి ఏటా చేయిస్తుంది, మన స్థాయికి చిన్న పాలసీ చాలు.

ఆదివారం సాయంత్రం 6కి కమ్యూనిటీ హాల్లో కలుద్దాం. ఇంటికొకరు తప్పక రండి. కమిటీలో ఉంటామనేవారు, రాత్రి కాపలాకు వచ్చేవారు ఇక్కడే పేరు పెట్టండి. బీమా రంగంలో ఉన్నవారు ఇవాళే నాకు ఫోన్ చేయండి, ప్రీమియం ఎంతో తెలిస్తే చందా తేల్చుకోవచ్చు.

గుర్తుంచుకోండి: అనుమతి వచ్చేదాకా గుంజలు పాతొద్దు, లైట్లు కట్టొద్దు.