వార్షిక నివేదిక 2024-25: పక్షవాతం మీద మన సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

మామూలు పనుల సంగతి ముందు చెప్పేస్తాను. బోరు మోటారు మార్చాం, వెనక సందులో కాలువ పూడిక తీయించాం, చవితి పందిరి, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి. మిగతా నివేదికంతా ఒకే విషయానికి కేటాయించాను.

కిందటి వేసవిలో మన సభ్యులైన ఒక మాస్టారికి పొద్దున పేపరు చదువుతుండగా కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట ముద్దగా వచ్చింది. ఎండకు నీరసం అనుకుని ఇంట్లోవాళ్లు మజ్జిగ పట్టించి పడుకోబెట్టారు. మధ్యాహ్నం దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తే అక్కడ సీటీ స్కాన్ లేదు. సెలైన్ ఎక్కించి సాయంత్రం ఇంకో చోటికి పంపారు. అప్పటికి మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే వేళ దాటిపోయింది. మాస్టారు ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు, మాట ఇంకా పూర్తిగా రాలేదు. ఈ సంగతి అందరికీ తెలియాలని వారి భార్యగారే పట్టుబట్టారు. ఆవిడ అడగబట్టే ఈ పని మొదలైంది.

అక్టోబరు 29, ప్రపంచ స్ట్రోక్ (పక్షవాతం) దినం నాడు మన హాల్లో ఒక న్యూరాలజిస్టు గారితో మాట్లాడించాం. పక్షవాతాల్లో ఎక్కువ భాగం మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వస్తాయి. పెద్ద రక్తనాళం మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని ఒక అంచనా. గడ్డను కరిగించే ఆల్టెప్లేస్, టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్లు లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వాలి. ఇంకా టైముంది కదా అని ఇంట్లో ఆగితే నష్టమే, మొదటి గంటలో ఇచ్చినదానికీ నాలుగో గంటలో ఇచ్చినదానికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. గడ్డ పెద్ద నాళంలో ఉంటే తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి బయటికి లాగేస్తారు. ఇది మామూలుగా 6 గంటల లోపు చేస్తారు. స్కాన్‌లో కాపాడగలిగిన భాగం ఇంకా కనిపిస్తే, కొందరికి 24 గంటల వరకూ వీలుంటుంది.

హాల్లో ఎక్కువ ప్రశ్నలు మాత్రలమీదే వచ్చాయి. ఆస్ప్రిన్ ఇంట్లోనే వేయకూడదా అని చాలామంది అడిగారు. వేయకూడదు. మెదడులో రక్తస్రావం అయినా లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి, సీటీ తీస్తేగానీ తేడా తెలియదు. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించడం కూడా ప్రమాదమే. మింగడం సరిగా ఉండదు కాబట్టి నీళ్లు, మజ్జిగ ఏదీ పట్టకూడదు. ఇక గాలి తగిలిందని పావురం రక్తం రాయడం, పసరు కోసం ఊళ్లు తిరగడం మన పక్కవీధుల్లో ఇప్పటికీ ఉంది. నమ్మకాలతో తగువు పెట్టుకోలేదు గానీ, ముందు స్కాన్, తర్వాతే ఏదైనా అని గట్టిగా చెప్పాం.

నన్ను బాగా ఆలోచింపజేసింది టైము సంగతి. నిద్రలేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, డాక్టర్లు లేచిన వేళను కాక రాత్రి మనిషి ఆఖరిసారి బాగున్న వేళను లెక్కలోకి తీసుకుంటారు. ఆ ఒక్క వివరం మీద వైద్యం ఆధారపడుతుంది. అందుకే లిఫ్టులో అంటించిన కార్డులో మూతి వంకర, చెయ్యి వాలడం, మాట తడబడటంతో పాటు "ఆఖరిసారి బాగున్నది ఎప్పుడు?" అన్న ప్రశ్న పెద్ద అక్షరాల్లో రాయించాం.

కమిటీ సభ్యులు గుంటూరు పెద్దాసుపత్రికీ, కొత్తపేట, అరండల్‌పేటల్లోని ఆసుపత్రులకూ వెళ్లి, రాత్రి పూట సీటీ తీస్తారా, ఇంజెక్షన్ ఇస్తారా, గడ్డ తీసే డాక్టరు అందుబాటులో ఉంటారా అని అడిగి పట్టిక తయారు చేశారు. శంకర్‌విలాస్ వైపు ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలుసు గనక, ఏ వేళకు ఏ దారి మేలో కూడా అందులో ఉంది. ఇంత చిన్న పనికి ఇంత శ్రమా అని ఒకరిద్దరు అన్నారు. నా దృష్టిలో సంఘం ఇన్నేళ్లలో చేసిన పనుల్లో ఇదే ముఖ్యమైనది.

జనవరిలో మన ఇస్త్రీ బండి అతను పనిలో ఉండగానే మూతి వంకర పోయింది. వాచ్‌మన్ టైము చూసుకుని 108కి ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో షుగరు చూసి, సీటీ తీసి, బీపీని 185/110 కంటే కిందికి దించాక ఇంజెక్షన్ ఇచ్చారు. ఇప్పుడు ఎడమచేతి వేళ్లలో కొంచెం తిమ్మిరి తప్ప ఇబ్బందేమీ లేదు, బండి మళ్లీ మన గేటు దగ్గరే ఉంటోంది. ఆ వాచ్‌మన్‌ను సర్వసభ్య సమావేశంలో సన్మానించాలని కమిటీ తీర్మానించింది.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు. ఒకటి, కారున్న సభ్యులు రాత్రి పూట వంతుల వారీగా అందుబాటులో ఉండటం, 108 ఆలస్యమైతే పనికొస్తుంది. రెండు, మాస్టారి లాంటి వారికి ఫిజియోథెరపిస్టును ఇంటికే పిలిపించడానికి సంఘం నిధి నుంచి కొంత సాయం. రెండింటికీ సభ్యుల ఆమోదం కావాలి. వంతుల్లో చేరేవారు సమావేశానికి ముందే తమ పేరు, ఫ్లాటు నంబరు కార్యదర్శికి ఇవ్వగలరు.